కర్త లేని వాక్యం

కౌన్సెలింగ్ కేంద్రం, రెండో అంతస్తు, ఫైళ్ల గది
ఫిబ్రవరి 6

పిన్నీ,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "రోజంతా జనం మాటలు విని చెవులు అరిగిపోయాయే, ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు" అంటావు. సరే, పెడుతున్నా. కడుపు మండి రాస్తున్నా కాబట్టి నా దస్తూరీకి వంకలు పెట్టకు.

చేరి మూడు వారాలైంది. గుమ్మంలో గోడంతా పట్టే బోర్డు ఉంది. రంగురంగుల అరచేతులు, పన్నెండు భాషల్లో 'స్వాగతం'. మన దాంట్లో వత్తు ఊడిపోయి 'సవాగతం' అయింది. మొదటిరోజే చెప్పాను. "ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే!" అన్నారు పెద్ద మేడమ్. ఈ కేంద్రానికి ఆవిడే అధిపతి. మెచ్చుకున్నా చిరునవ్వే, చీవాట్లు పెట్టినా చిరునవ్వే. అందుకని చిరునవ్వు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ గదిలో అన్ని సంస్కృతుల్నీ గౌరవించడం గురించి మూడు సర్టిఫికెట్లు అద్దాల్లో వేలాడుతుంటాయి. కానీ ఆవిడకి ఆఫీసు భాష తప్ప ఇంకో భాషలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. మన భాష తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే. మన వాళ్లు ఎవరొచ్చినా నన్ను పిలుస్తారు. శిక్షణలో ఉన్నదాన్ని అయినా నేను లేకపోతే పని జరగదన్నమాట. ఈ గొప్ప రెండు వారాలు బాగానే సాగింది.

మొన్న మూటలు మోసే ఒకాయన వచ్చాడు. "ఒళ్లు హూనమైపోతోందమ్మా. ఇంటికెళ్లాక మనిషిని కాను. పిల్లలు పలకరిస్తే కరిచినంత పని చేస్తున్నా" అన్నాడు. "బాగా అలసిపోయి పిల్లల్ని కసురుకుంటున్నాడు" అని నేను ఆఫీసు భాషలో చెప్పాను.

మేడమ్ కలం కింద పెట్టారు. "ఆయన అంత మాట్లాడారు. మీరు ఇంతే చెప్పారు. మిగతాది ఏమైంది?"

"మిగతాదంతా ఇదే మేడమ్."

"చూడండి, మీరు క్లయింటు మాటల్ని కత్తిరిస్తున్నారు. అది ఆయన సంస్కృతిని అవమానించడం. ఇకనుంచి మాటకి మాట. మీ సొంత అర్థాలు వద్దు."

ఇదంతా చిరునవ్వుతోనే. తర్వాత ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయించారు. ఇంకోసారి ఇలా జరిగితే సర్టిఫికెట్ ఉండదట. నాకు మన భాషలో సొంత అర్థాలు ఉండకూడదట! చెప్పు పిన్నీ, గోడకి తల కొట్టుకోనా, గోడ మీది బోర్డుని కొట్టనా?

తూనీగ


మిల్లు ఆసుపత్రి క్వార్టర్స్, వంటింటి బల్ల
ఫిబ్రవరి 12

ఏమే తూనీగా,

ఆవిడ తలో, నీ తలో కొట్టుకునే ముందు ఒక్క సంగతి. నువ్వు కూడా ఆ మూటలాయన్ని అడగలేదు కదే. 'హూనం' అంటే అలసట అని నువ్వే అనేసుకున్నావు. అడిగి ఉంటే నడుం పట్టేసిందనేవాడేమో. మేస్త్రీ పదిమందిలో తిట్టాడనేవాడేమో. మీ మేడమ్ మాటలు లెక్కపెడుతోంది, నువ్వేమో అర్థాలు ఊహిస్తున్నావు. ఇద్దరికీ మధ్య ఆయన అడిగే దిక్కు లేకుండా కూర్చున్నాడు.

ఈ ఆసుపత్రిలో నాకేం పేరుందో తెలుసా? 'అంటే మేడమ్'. ఇరవై ఏడేళ్లుగా అదొక్కటే అడుగుతున్నాను. మన భాషవాళ్లనీ అడుగుతాను, మన వీధివాళ్లనీ అడుగుతాను. "గుండె జారిపోయిందమ్మా." "అంటే?" మొదట నాకేదో చెముడనుకుంటారు. తర్వాత చెప్పడం మొదలుపెడతారు. అప్పటిదాకా నేను కలం ముట్టుకోను.

మీ కేంద్రంలో కుర్చీలు ఎలా వేస్తారో చూసి రాయి. క్లయింటు కుర్చీ కన్నా మీది ఎత్తుంటే మొదట అది సరిచెయ్యి. కోపం నీకు కొత్త కాదులే, పుట్టినప్పుడే తెచ్చుకున్నావు. దాన్ని కాస్త పనికొచ్చేచోట పెట్టు.

పిన్ని


ఫైళ్ల గది
మార్చి 2

పిన్నీ,

కోపంలో ఒక కలం విరగ్గొట్టి రెండో కలంతో రాస్తున్నా. కుర్చీల సంగతి తర్వాత.

నాలుగు వీధుల అవతల మెట్ల కింద ఇరుకు కొట్లో ఒకావిడ ప్యాంట్ల అంచులు కుడుతుంది. దర్జీ. ముప్పై ఏళ్లుంటాయి. కిందటేడు భర్త పనిచేస్తున్నచోట గోడ కూలి పోయాడు. నిద్రపట్టడం లేదని డాక్టరు దగ్గరికెళ్తే ఆయన మా దగ్గరికి పంపాడు. ఆరేళ్ల కూతురుంది. ముద్దుగా పిచుక అని పిలుస్తుంది.

మొన్న సోమవారం వచ్చింది. కూర్చుంటూనే పెద్ద ఊపిరి వదిలి, "ఈ పిల్ల నన్ను చంపుకు తింటోందమ్మా" అంది.

పిన్నీ, ఈ మాట మా అమ్మ నన్ను ఎన్ని వేలసార్లు అని ఉంటుంది! నువ్వే ఎన్నిసార్లు అన్నావు!

అది మాటకి మాట అనువదించబడింది. 'నా కూతురు నన్ను చంపి తింటోంది.' మేడమ్ కలం ఆగింది. చిరునవ్వు ఆగలేదు.

"ఎప్పట్నుంచి?" అని మేడమ్ ప్రశ్న.

"ఆయన పోయిన దగ్గర్నుంచీను."

"రోజులో ఎన్నిసార్లు?"

"లెక్కేముందమ్మా. కళ్లు తెరిచిన దగ్గర్నుంచి కళ్లు మూసేదాకా తల తినేస్తుంది."

"తల తిన్నప్పుడు నొప్పి ఉంటుందా?"

"పగిలిపోతుందనుకోండి."

అప్పుడు మేడమ్ ముందుకి వంగి, ఎంతో గౌరవంగా, ఎంతో మెత్తగా, "మీ సంస్కృతిలో పిల్లలు తల్లుల్ని తినడం గురించి నమ్మకాలున్నాయా? సంకోచించకండి, ఇక్కడ అన్ని నమ్మకాలకీ చోటుంది" అని అడిగారు. ఆ దర్జీకి ఏం అర్థమైందో ఏమో, ఎత్తు కుర్చీలో ఉన్నావిడ నవ్వుతూ అడుగుతోంది కదా అని, "అవునండీ" అని తలూపింది.

"మరి తను అలా తింటున్నప్పుడు మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను! ఓపిగ్గా ఉన్నన్నాళ్లు ఉన్నాను. ఒక్కోసారి నోరు నొక్కేస్తాను."

అదీ మాటకి మాటే.

ఫైల్లో ఏం రాశారో నేనే టైపు చేశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా. 'కూతురు తనని తింటోందన్న తీవ్ర భ్రమ. సాంస్కృతిక మూలాలున్న నమ్మకం. బిడ్డ నోరు నొక్కుతున్నట్టు అంగీకారం.' గురువారం ఇద్దరు ఆడవాళ్లు కారులో వెళ్లి బడి దగ్గరే పిచుకని ఎక్కించుకుని పిల్లల సంరక్షణ గృహంలో పెట్టారు. తల్లికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రలు. మూడు నెలల తర్వాత చూస్తారట.

ఇది గౌరవమా పిన్నీ? మొహం మీద తలుపేస్తే ఆవిడ వెళ్లిపోయేది. లోపలికి రండి రండి అని పిలిచి, కూర్చోబెట్టి, పిల్లని లాక్కోవడం ఏంటి? ఏం కేంద్రాలివి, ఏం మనుషులు వీళ్లు!

తూనీగ


వంటింటి బల్ల
మార్చి 9

తూనీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో కుర్చీలోంచి లేచిపోయాను. రెండోసారి కూర్చునే చదివాను.

నువ్వు ఉత్తరం రాస్తే గజానికో 'నేను' ఉంటుంది. నేనే టైపు చేశాను అంటావు, ఉన్నదున్నట్టు రాస్తున్నా అంటావు. ఒక్కచోట మాత్రం నువ్వు మాయమైపోయావు. 'అనువదించబడింది.' మన భాషలో 'బడు' పెట్టి ఎవరు మాట్లాడతారే, సర్కారు కాగితాలూ తప్పు చేసినవాళ్లూ తప్ప?

మొదటి ఉత్తరంలో మన భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని గొప్పలు పోయావు. మరి ఆ రోజు గదిలో ఆ మాట ఆఫీసు భాషలోకి ఎవరు మార్చారు?

అది రాయి. మీ మేడమ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

పిన్ని


ఫైళ్ల గది
మార్చి 19

పిన్నీ,

ఒక తల్లీబిడ్డల్ని విడదీశారని నేను రాస్తే, నువ్వు వ్యాకరణం దిద్ది పంపావు! బడిలో టీచరమ్మ కూడా ఇంత చెయ్యలేదు నన్ను.

ఇక్కడేం జరుగుతోందో తెలుసా? బుధవారం బుధవారం సంరక్షణ గృహంలో ఒక గంట పిల్లని చూడనిస్తారు. మూల కుర్చీలో ఒకావిడ పలకలాంటి కాగితాల అట్ట పట్టుకుని కూర్చుంటుంది, తల్లి ఏమంటే అది రాయడానికి. కిందటి బుధవారం ఫైలు అందించడానికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్ల అమ్మ ఒళ్లోకి ఎక్కి గడ్డం పట్టుకుని ఏదో అడుగుతోంది. తల్లి పలక వంక చూస్తుంది, పిల్ల నోటికి తన అరచెయ్యి అడ్డం పెడుతుంది. "పాపా, మంచినీళ్లు తాగుతావా? పాపా, జడ వేయనా?" అంటోంది. పిచుకా అనలేదు, ఒసేయ్ అనలేదు, నా బంగారమనీ అనలేదు. ప్రకటన చదువుతున్నట్టుంది.

ఆ వారం రిపోర్టులో రాశారు, 'తల్లి బిడ్డతో ముభావంగా ఉంది, ఆప్యాయత కొరవడింది' అని. మాట్లాడితే భ్రమ, ఊరుకుంటే ముభావం. ఆవిడ ఎటు తిరిగినా వీళ్ల దగ్గర ఒక గడి సిద్ధంగా ఉంది టిక్కు పెట్టడానికి. వీళ్లని నిలదీయాల్సిందిపోయి నన్ను బోనెక్కిస్తావేం?

కుర్చీలు అడిగావుగా. మేడమ్‌ది ఎత్తు. నాది మధ్యస్థం. ఆ దర్జీ కూర్చున్నది అన్నిటికంటే పొట్టిది.

తూనీగ


(కార్డు)
మార్చి 24

కర్త ఎవరు?

పిన్ని


అద్దెగది, కిటికీ దగ్గర
ఏప్రిల్ 2

పిన్నీ,

నేను. చాలా?

నేను అనువదించాను. ఆవిడ నోట్లోంచి మాట వస్తుండగానే నాకు అర్థం తెలుసు. ఆఫీసు భాషలో దానికి సరిపోయే తేలికైన మాట కూడా నాలుక చివరనే ఉంది. కానీ నేను సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది, ఇది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. 'మాటకి మాట కావాలన్నావుగా, తీసుకో' అనుకున్నాను. మేడమ్ నవ్వు మొహం ఎలా మాడిపోతుందో చూద్దామనుకున్నాను. ఆవిడ అయోమయపడి "అంటే ఏంటి?" అని నన్నడుగుతుంది, అప్పుడు దర్జాగా చెబుదామనుకున్నాను. ఆవిడ అడగలేదు. వరసగా ప్రశ్నలేసుకుంటూ పోయింది. నేను వరసగా అనువదించుకుంటూ పోయాను. మధ్యలో ఆపితే మొదటి వాక్యం నా వెటకారమని తెలిసిపోతుంది. 'నోరు నొక్కేస్తాను' దగ్గర కూడా ఆపలేదు.

నా వెటకారానికి ఒక పిల్లని బడి దగ్గర కారెక్కించారు.

నీ కార్డు వచ్చిన మర్నాడు ఆ కొట్టుకి వెళ్లాను. మెట్ల కింద కాబట్టి వంగి లోపలికెళ్లాలి. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది. పిల్ల బడి సంచీ మిషను పక్కన మేకుకి వేలాడుతోంది. చెప్పేశాను. అంతా, నా వెటకారంతో సహా. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అన్నీ అయ్యాక తలెత్తింది.

"ఆ నవ్వులావిడ ఒక్కత్తే ఉంటే నేను ఒళ్లు దగ్గరపెట్టుకుని మాట్లాడేదాన్నమ్మా. నువ్వు మన మనిషివి కదా అని నోరు వదిలేశాను."

పిన్నీ, చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. ఎప్పుడూ నన్ను మీరు అనే మనిషి నువ్వు అంది, అదీ వేరే.

క్షమించమన్నాను. "క్షమాపణ నేనేం చేసుకోను? ఎక్కడ రాశారో అక్కడ చెరిపించు" అంది.

లేచాను. వంగి బయటికి రాబోతుంటే నువ్వు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. "అది మిమ్మల్ని చంపుకు తింటోందన్నారు కదా. అంటే? ఏమని?" అని అడిగాను.

ఒళ్లోని ప్యాంటు తీసి పక్కన పెట్టింది. ఈ నెల రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"నాన్న పోయాడని చెప్పాను దానికి. ఎక్కడికి పోయాడంది. దూరమన్నాను. ఎప్పుడొస్తాడంది. ఇంక అంతే. పళ్లు తోముతుంటే ఎప్పుడొస్తాడు, మిషను తొక్కుతుంటే ఎప్పుడొస్తాడు, కొట్టుకి ఎవరైనా మగమనిషొస్తే చాలు, నాన్నేమో చూడమ్మా! ఏం చెప్పను? నోరు నొక్కేసేదాన్ని, ఊరుకోవే అని. అంతేగా దానర్థం, పెద్ద చదువులు చదివావు, తెలీదా నీకు? ఇంక రాడని చెప్పే ఆ రెండో మాట నా నోట్లోంచి రాదు. 'పోయాడు' అయితే వస్తుంది. అందులో మళ్లీ రావడానికి కాస్త సందుంది కదా."

ఆవిడ నిద్రపట్టకపోవడానికి కారణం అదీ. దానికోసం వచ్చింది మా దగ్గరికి.

ఇప్పుడేం చెయ్యను? కేసుల్ని మళ్లీ చూసే కమిటీ ఒకటుంది, దాని ముందు చెబితే నా సర్టిఫికెట్ గోవిందా. చెప్పకపోతే నాకు నేను గోవిందా.

తూనీగ


వంటింటి బల్ల
ఏప్రిల్ 7

తూనీగా,

ఏడ్చింది చాలు. కాగితం తీసుకో.

'నేను' అని మొదలుపెట్టు. 'లోపం జరిగింది', 'అపార్థం చోటుచేసుకుంది' అని రాశావో, నా గడప తొక్కకు. ఏ మాట ఆవిడ అంది, నువ్వేం చెప్పావు, ఎందుకు చెప్పావు, నిజంగా దాని అర్థమేంటి. వెటకారం సంగతి కూడా రాయి. అది దాస్తే మిగతాది నమ్మరు. నీ పేరు పోతుంది, పోనీ. నీకింకా వయసుంది, పిచుకకి మాత్రం ప్రతి బుధవారం ఒక్క గంటే ఉంది.

మీ మేడమ్ తప్పు నీ తప్పుకంటే చిన్నదని నేనట్లేదు. ఎదుటి మనిషిని అడగకుండా గౌరవించడం అంత పెద్ద అహంకారం ఇంకోటి లేదు. ఆవిడ మీద నాకూ ఒళ్లు మండుతోంది. కానీ నువ్వు నీ వాక్యం రాశాకే ఆవిడ వాక్యం గురించి అడిగే హక్కు నీకొస్తుంది.

నేనొకటి చెప్పాలి. మీ అమ్మకి కూడా చెప్పలేదిది. 'అంటే?' అని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకావిడ వచ్చింది. ఇల్లెలా ఉందంటే "బానే ఉందమ్మా" అంది. 'బాగుంది' అని రాసుకున్నాను. నాలుగోరోజు అదే ఆసుపత్రికి, రెండు పళ్లు పోయి, చెయ్యి విరిగి వచ్చింది. నన్ను చూసి, "బానే ఉందంటే మీకర్థమవుతుందనుకున్నా" అంది. మేమిద్దరం ఒకే భాష, ఒకే వీధి. అప్పట్నుంచి ఎవర్నీ అడగకుండా వదల్లేదు.

ఇంకోటి. ఆ దర్జీకి నువ్వు పిల్లతో చెప్పాల్సిన మాట నేర్పకు. 'చనిపోయాడు' అని చెప్పండి, అదే సరైన పద్ధతి అని పుస్తకంలో ఉంటుంది. వాళ్లింట్లో ఆ మాట ఎలా అంటారో, అసలు అంటారో లేదో ఆవిడకి తెలుసు. మీ ఇంట్లో ఎవరైనా పోతే పిల్లలకి ఎలా చెప్పేవారు అని అడుగు. అడిగి నోరు మూసుకో. నీకు రెండోదే కష్టం.

పిన్ని


అద్దెగది
మే 1

పిన్నీ,

కిందటి వారం కమిటీ కూర్చుంది. చిరునవ్వు మేడమ్, పిల్లల గృహం నుంచి ఒకాయన, బయటినుంచి ఒక ముసలి డాక్టరమ్మ. నా కాగితం ఆవిడే పైకి చదివింది. మొత్తం నాలుగు పేజీల్లో పదిహేడు 'నేను'లున్నాయి, లెక్కపెట్టాను.

గృహం ఆయన నన్ను చూసి, "అప్పుడే చెప్పడానికి నోరు లేదా?" అన్నాడు. ఉందన్నాను, వాడలేదన్నాను. ఆయన చెప్పింది తప్పు కాదు.

డాక్టరమ్మ మేడమ్ వైపు తిరిగింది. "ఈ అమ్మాయి తప్పు ఈ అమ్మాయి రాసిచ్చింది. ఒక తల్లి, కూతురు నన్ను తింటోంది అంటే, 'అంటే ఏమిటమ్మా' అని మీరెందుకు అడగలేదు?"

మేడమ్ ఏమన్నారో తెలుసా? "మా ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదండీ."

"మీకు నోరుందిగా."

పిన్నీ, ఆవిడ చిరునవ్వు అప్పుడు పోయింది. దానికోసమే కదా నేను ఇదంతా మొదలుపెట్టింది! చూస్తే ఏమీ అనిపించలేదు. గోడమీది మేకు ఊడినంత, అంతే.

దర్జీ తరఫున అనువాదానికి వేరే ఊర్నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ప్రతి మాట తర్వాత ఆవిడ వైపు తిరిగి, "నేను చెప్పింది మీరన్నదేనా?" అని అడిగాడు. అంత చిన్న పని. పిచుక గురించి ఆవిడ చెబుతుంటే గృహం ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పిల్లని పదిరోజుల్లో ఇంటికి పంపుతారు. మాత్రలు ఆపేశారు. నెలకోసారి తల్లీకూతుళ్లు కేంద్రానికొచ్చి కనపడాలి. ఎందుకు కనపడాలి? తప్పెవరిది, హాజరెవరిది? అడిగాను. 'నియమం' అన్నారు.

కమిటీ రాసిన తీర్మానం నీకోసం ఎత్తి రాస్తున్నా: 'అనువాద ప్రక్రియలో కొంత లోపం గుర్తించబడింది.' నాలుగు పేజీలు నేను నేను అని రాసిస్తే, వాళ్లు దాన్ని మళ్లీ 'బడు'లో ముంచి తీశారు! ఎనిమిది వారాలు ఒక పిల్ల పరాయి మంచం మీద పడుకుంటే అది 'కొంత' అట.

నాకు ఆరునెలలు అనువాదం నిషేధం. ఫైళ్లు సర్దాలి. సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాత చూస్తారు. ఇది నాకు తగినదే, దీనిమీద నాకు కోపం లేదు. కోపం ఫారం మీద. కొత్తగా ఒక గడి చేర్చారు: 'క్లయింటు మాటకి అర్థం క్లయింటునే అడిగాము. అవును / కాదు.' నిన్న సాయంత్రం సర్దిన పదకొండు ఫైళ్లలో పదకొండూ 'అవును'. అందులో నాలుగు ఫైళ్లు రాసినప్పుడు నేను ఆ గదిలోనే బీరువా సర్దుతున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ నాలుగు ఫైళ్ల నంబర్లు, తేదీలు రాసి డాక్టరమ్మకి పోస్టు చేశాను. కింద నా పేరు పెట్టాను.

తూనీగ


వంటింటి బల్ల
మే 8

తూనీగా,

నీ ఉత్తరం చదివి మీ అమ్మకి ఫోన్ చేశాను. అవును, నేనే చేశాను, మూర్ఛపోకు. "నీ కూతురు మనిషవుతోందే" అన్నాను. "ఇన్నాళ్లూ ఏమైందనుకున్నావ్?" అని కయ్యానికొచ్చింది.

పిల్ల ఇంటికొచ్చాక వాళ్ల వెంటపడకు. నువ్వు చేసింది సరిపెట్టుకోవడానికి ఆవిడ కొట్టు చుట్టూ తిరిగితే, అది నీకోసం తిరగడమే అవుతుంది. ఆ కొట్టు ఉన్నది బట్టలు కుట్టడానికి. కుట్టించుకోవడానికి ప్యాంటు ఉంటే వెళ్లు.

పిన్ని


ఫైళ్ల గది
జూన్ 14

పిన్నీ,

ప్యాంటు పట్టుకునే వెళ్లాను, నిజంగానే అంచు ఊడింది. నువ్వడగమన్నది అడిగి, నోరు మూసుకున్నాను. ఆవిడ అంచు కుట్టడం పూర్తిచేసి దారం తెంపింది. తర్వాత, "మా నాన్న పోయినప్పుడు మా నాయనమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టి ఆయన చొక్కా కప్పింది. ఇంక చొక్కాయే ఉంటుందే, మనిషి రాడు అంది" అని చెప్పింది. అంతే. నేను ఒక్క మాటా కలపలేదు. ప్యాంటు తీసుకుని వచ్చేశాను.

ఇవాళ వాళ్లు హాజరు వేయించుకోవడానికి కేంద్రానికొచ్చారు. నేను వరండాలో ఫైళ్ల పెట్టె మోస్తున్నాను. బోర్డు కింద బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. పిల్ల మొదటిసారి దగ్గర్నుంచి కనిపించింది. ముందు పన్ను ఊడింది. పెద్ద మగ చొక్కా ఒకటి తన కొలతకి కత్తిరించి కుట్టింది తొడుక్కుంది. జేబు మాత్రం ఉన్నదున్నట్టే వదిలేశారు, నడుందాకా వేలాడుతోంది.

చెప్పేసిందన్నమాట.

పిల్ల మాట్లాడటం లేదు. ఒక్క మాట లేదు. గోడమీది చేతుల బొమ్మలు చూస్తోంది, కిందికి చూస్తోంది. తల్లి వంగి, "నాలుగు రోజులైందమ్మా, ఇలాగే ఉంది" అంది నాతో, మీరు అనకుండా, నువ్వూ అనకుండా.  పెట్టె కింద పెట్టి నిలబడ్డాను.

తల్లి పిల్ల గడ్డం పట్టుకుని ఎత్తింది. మొదట మెల్లగానే అడిగింది. "ఏమే పిచుకా, ఏదన్నా అడగవే." పిల్ల తల అడ్డంగా ఊపింది. అప్పుడిక ఆవిడ ఆగలేదు. వరండాలో ఎంతమంది ఉన్నారో, ఎవరు రాసుకుంటారో చూసుకోలేదు. పిల్లని ఒళ్లోకి లాక్కుని గొంతెత్తి, "నోరు మూసుకుని ఉంటే ఎలాగే నా తల్లీ! అడుగు! వందసార్లు అడుగు! నన్ను చంపుకు తిను, నా తల తిను, తినవే!" అని ఏడ్చింది.

పిల్ల ఆ జేబులో చెయ్యి పెట్టుకుని, చాలా చిన్నగా, "ఈ చొక్కా నాకు పొట్టిదైపోతే?" అని అడిగింది.

"అంచు విప్పుతానే. బోలెడంత లోపలికి మడిచి కుట్టాను."

"అప్పుడు కూడా పొట్టిదైపోతే?"

మేడమ్ గదిలోంచి బయటికొచ్చారు, చేతిలో ఫారం. ఆ తల్లిని చూశారు, పిల్లని చూశారు, తర్వాత నన్ను. మొహంలో ఆ పాత నవ్వు సర్దుకుంటూ, "ఏమంటోంది ఆవిడ?" అన్నారు.

"నాకు అనువాదం నిషేధం మేడమ్" అన్నాను. "ఆవిడనే అడగండి."

ఎత్తు కుర్చీలు లోపల గదిలో ఉన్నాయి. వరండాలో ఆ బల్ల ఒక్కటే ఉంది. మేడమ్ కాసేపు నిలబడి, చివరికి ఫారం మడిచి, ఆ బల్ల కొసన కూర్చున్నారు.

తూనీగ